అంబారీ మీద అరచేతి రాజు

విజయవాడకు దగ్గర్లో, కొండపల్లి ఖిల్లా కింద, బొమ్మల కాలనీలో అడుగు పెడితే ముందు వినిపించేది ఉలి చప్పుడు. బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్ర చేతికి దూదిలా తేలిక. ఏనుగు ఒళ్ళు వేరు, తొండం వేరు, అంబారీ వేరు. విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు! ఆపైన సుద్ద పూత, అది ఆరాక రంగులు.

నేను గంటలకొద్దీ చూసేది మాత్రం కళ్ళు దిద్దే క్షణాన్నే. మేకవెంట్రుకల కుంచె, ఊపిరి బిగబట్టిన చేయి, ఆవగింజంత నల్లచుక్క. అంతే, మావటివాడు మనల్ని చూస్తాడు. ఆ చుక్క తప్పితే బొమ్మంతా తప్పినట్టే.

మా ఇంట్లో దశావతారాలు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి పాతచీర ముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో ఉంటాయి. సంక్రాంతికి కొలువు తీరుతాయి. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలన్నది అమ్మ పెట్టిన నియమం.

కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. కావలసింది కొనే చేతులు. ఈ సంక్రాంతికి కొండపల్లి వెళ్ళండి, చెక్కినవాళ్ళ దగ్గరే కొనండి, బేరమాడకండి.