'ఆగ్ కా దర్యా' నవలలోని అపరిచిత పదాలు: ఒక అనువాదకుని పరిశీలన

ఖుర్రతుల్ ఐన్ హైదర్ రచించిన 'ఆగ్ కా దర్యా' ఉర్దూ నవలలలో అగ్రశ్రేణికి చెందినదని అంగీకరించనివారు అరుదు. దానిని ఆసాంతం చదివినవారు కూడా అరుదే. 1959లో వెలువడిన ఈ గ్రంథం మౌర్యుల నాటి శ్రావస్తి ఆశ్రమాలతో మొదలై, జౌన్‌పూర్ షర్కీ సుల్తానుల కాలాన్ని, కంపెనీవారి కలకత్తాను, నవాబుల లక్నోను దాటి, దేశ విభజన అనంతర సంవత్సరాలతో ముగుస్తుంది. గౌతమ్, హరిశంకర్, చంపా, కమాల్ అనే పేర్లు యుగయుగానికీ తిరిగి వస్తాయి. పేర్లు అవే, మనుషులు వేరు.

ఈ నవలను మధ్యలో విడిచిపెట్టినవారిని కారణమడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: "మాటలు అర్థం కావు." ఉర్దూ మాత్రమే చదువుకొన్నవారికి మొదటి భాగంలోని పురుషుడు, ప్రకృతి, పరివ్రాజకుడు, నిర్వాణం వంటి పదాలు కొరుకుడుపడవు. ఒక ముస్లిం రచయిత్రి ఉర్దూ నవలను ఇంత సంస్కృతంతో ఎందుకు నింపాలని కోపగించినవారు కూడా ఉన్నారు. ఇక తెలుగు బడులలో చదివిన మన పిల్లలకు ఆ భాగం నల్లేరు మీద బండి నడక. తీరా లక్నో చేరేసరికి అక్కడి ఫార్సీ మర్యాదల మధ్య బండి దిగబడిపోతుంది.

నిజానికి తెలుగు ముస్లిం పాఠకునికి ఉన్న సదుపాయం తక్కువది కాదు. బడిలో తత్సమ పదాలు, ఇంట్లో దక్కనీ, మక్తబులో అరబీ అక్షరాలు – ఈ మూడూ కలిసినచోట ఈ నవల తలుపు సగం తెరిచే ఉంటుంది. మిగిలిన సగం ఎలా తెరవాలన్నదే ఈ వ్యాస విషయం.

అపరిచిత పదాల సమస్య మనకు కొత్తది కాదు. మన పూర్వ విద్వాంసులు దీనిని ఒక శాస్త్రంగానే పెంపొందించారు. హి. 224లో మరణించిన అబూ ఉబైద్ ఖాసిం బిన్ సల్లామ్ హదీసులలోని అరుదైన పదాలపై 'గరీబుల్ హదీస్' రచించారు. హి. 606లో మరణించిన మజ్దుద్దీన్ ఇబ్నుల్ అసీర్ 'నిహాయా' నేటికీ మద్రసాలలో చేతికందే దూరంలో ఉంటుంది. ఇక్కడ 'గరీబ్' అంటే పేదవాడు కాదు, పరదేశి. ఊరు విడిచి వచ్చినవాడు ఎవరికీ తెలియనట్లే, వాడుక విడిచిన పదమూ ఎవరికీ తెలియదు. ఉర్దూలోకి వచ్చేసరికి ఆ పరదేశి పేదవాడయ్యాడు. తెలుగులో 'గరీబు' అన్నప్పుడు పేదరికమే మిగిలింది, పరాయితనం పూర్తిగా పోయింది.

ఉల్లేఖనాలలో ఈ సందర్భానికి పనికివచ్చేవి మూడున్నాయి. దివ్యఖుర్‌ఆన్‌లోని 'ఫాతిర్' పదానికి అర్థం తమకు ఇద్దరు ఎడారి అరబ్బుల తగవులో తెలిసిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు ఉంది. ఒక బావి గురించి వాదించుకొంటూ, దానిని మొదట తవ్వినది తానేనని చెప్పడానికి వారిలో ఒకడు ఆ ధాతువునే వాడాడట. హజ్రత్ ఉమర్ (రజి) 'తఖవ్వుఫ్' అనే పదం గురించి మింబర్ మీదనుండి సభను ప్రశ్నించగా హుజైల్ తెగకు చెందిన ఒక వృద్ధుడు లేచి, తమ తెగవారి వాడుకను బట్టి దాని అర్థం వివరించాడు. ఆయనే మరొక సందర్భంలో 'అబ్బ్' అనే పదం వద్ద ఆగి, పండ్లంటే తెలుసు గాని ఇదేమిటని తమను తాము ప్రశ్నించుకొని, అంతలోనే దానిని తవ్వుకుంటూ కూర్చోవడం తెచ్చిపెట్టుకొన్న శ్రమ అని వదిలివేశారు. పశువుల మేత అని వ్యాఖ్యాతలు తరువాత రాశారు. పదాన్ని వాడేవారి నోట వినడం, తెలిసినవారిని అడగడం, అవసరం లేనిచోట సాగిపోవడం: నవల చదివేవానికి కూడా ఈ మూడే మార్గాలు. మూడవది మన పాఠకులకు బొత్తిగా చేతకాదు. ప్రతి పదానికీ నిఘంటువు తెరిచేవాడు నలభయ్యవ పేజీ దాటడు.

ఒక ఉదాహరణ చూద్దాం. రచయిత్రి స్వయంగా సిద్ధపరచి 1998లో ప్రకటించిన ఆంగ్ల ప్రతి 'రివర్ ఆఫ్ ఫైర్' ఒక పురుగుతో ప్రారంభమవుతుంది. గౌతమ నీలాంబరుడు ఆ ఏటి తొలి 'బీర్‌బహూటీ'ని చూస్తాడు. ఆంగ్ల పాఠకునికి అర్థం కావాలని ఆమె అది ఎర్ర మఖమల్ తొడిగిన వాన పురుగని, ఇంద్రుని వధువని వివరించవలసి వచ్చింది. తెలుగు పాఠకునికి ఇంత వివరణ అక్కరలేదు. 'ఆరుద్ర పురుగు' అంటే చాలు. తొలకరికి తడిసిన నేల, చెలక గట్టు, అగ్గిపెట్టెలో దాచుకొన్న బాల్యం అన్నీ ఒక్కసారి వస్తాయి. సంస్కృత కావ్యాలలో దీని పేరు ఇంద్రగోపం. అనువాదకుడు 'ఇంద్రగోపం' అని రాస్తే ఇంద్రుడు నిలుస్తాడు, వాన పోతుంది. 'ఆరుద్ర పురుగు' అంటే వాన నిలుస్తుంది, వధువు పోతుంది. నేనైతే వాననే ఎన్నుకొంటాను. ఋతువు మారడం ఈ నవలలో అలంకారం కాదు, కథ నడిచే తీరే అది.

తెలియని పదం పాఠకుణ్ణి ఆపుతుంది. తెలిసినట్లు కనిపించే పదం ఆపదు, తప్పుదారి పట్టిస్తుంది. ఇది ఎక్కువ ప్రమాదం. లక్నో పెద్దమనిషి 'హైరాన్' అయ్యాడంటే నివ్వెరపోయాడని; మనం 'హైరానా' పడ్డామంటే అలసిసొలసి విసిగిపోయామని. ఉర్దూలో 'రాజీనామా' రాసుకొన్నవారు తగవు తీర్చుకొన్నారు. తెలుగులో రాజీనామా ఇచ్చినవాడు కొలువు వదులుకొన్నాడు. సంస్కృతం వైపు కూడా ఇదే చిక్కు. బౌద్ధుల చర్చలలో 'సంసారం' అంటే జనన మరణాల చక్రం. మన వాడుకలో సంసారమంటే ఇల్లు, ఇల్లాలు, పిల్లలు. భిక్షువు సంసారాన్ని దాటగోరుతున్నాడని చదివిన తెలుగువాడు ఆయన భార్యను వదిలేశాడనుకొంటే తప్పు పాఠకునిది మాత్రమే కాదు. హిందీవారు నవలను 'ఉపన్యాస్' అంటారు. మన ఉపన్యాసం మైకు ముందు జరిగేది. ఇలాంటి చోట్ల జాన్ ప్లాట్స్ 1884 నాటి నిఘంటువు, ఆసఫ్‌జాహీ ప్రభువు పేరు మోసే 'ఫర్‌హంగె ఆసఫియా', బ్రౌన్ దొర 1854లో అచ్చువేసిన 'మిశ్రభాషా నిఘంటువు' పక్కపక్కన ఉంచుకొంటే ఒక పదం ఎక్కడ బయలుదేరి ఎక్కడ మతం మార్చుకొన్నదో – పదాలకు కూడా ఆ హక్కు ఉందనుకొంటాను – తెలిసివస్తుంది.

శీర్షికనే తీసుకోండి. జిగర్ మురాదాబాదీ ప్రసిద్ధ షేర్ నుండి వచ్చిన మాట ఇది. 'దర్యా' ఇరానీయులకు సముద్రం, మరాఠీవారికీ సముద్రమే, ఉర్దూవారికి నది. జిగర్ షేర్‌లో ప్రేమికుడు మునిగి దాటవలసినది ఏదైనా కావచ్చు; నవలలో మాత్రం అది నదే కావాలి. సరయూ ప్రవాహంలో, యుద్ధంలో వేళ్ళు పోగొట్టుకొన్న గౌతముని చేతికి రాతి పట్టు జారిపోతుంది. అల అతని మీదుగా సాగిపోతుంది. మరుక్షణం అదే ఒడ్డున అబుల్ మన్సూర్ కమాలుద్దీన్ గుర్రం దిగుతాడు. మధ్యలో పద్దెనిమిది శతాబ్దాలు గడిచాయి. ఇలా ప్రవహించేది నదే గాని సముద్రం కాదు.

ఇప్పుడు సంస్కృత పదాలపై వచ్చిన అభ్యంతరానికి వద్దాం. ఈ కమాలుద్దీన్ అరబీ ఫార్సీ పండితుడు, సంగీతప్రియుడైన సుల్తాన్ హుసేన్ షర్కీ కొలువులోని విద్వాంసుడు. ఈ దేశానికి వచ్చినప్పుడు ఇక్కడి మాటలన్నీ అతనికి 'గరీబ్'లే. అయోధ్య చంపావతి మాట, కబీర్ పాట, బెంగాల్ పల్లె బతుకు ఒక్కొక్కటిగా అతని నాలుక మీదికి చేరుతాయి. చివరకు బెంగాలీలో పాటలు కట్టే రైతుగా బతికి, షేర్‌షా సైనికుల చేతిలో ప్రాణం విడుస్తాడు. మొదటి భాగంలో పాఠకుణ్ణి ఇబ్బంది పెట్టిన పదాలే కమాలుద్దీన్‌కు సొంతమవుతాయి. ఆ ఇబ్బందిని తీసివేసి అంతటినీ సాఫీ వాడుక తెలుగులో పోసేస్తే, ఇతడు దాటిన దూరమెంతో పాఠకునికి తెలిసేదెలా? నవలకు కొన్ని చోట్ల కష్టంగా ఉండే హక్కు ఉంది. అందువల్లనే అడుగడుగునా కింద అర్థాలిచ్చే పద్ధతికి ఈ వ్యాసకర్త విముఖుడు.

సాంస్కృతిక విషయాలలో మరొక రకం తొందరపాటు కనిపిస్తుంది: పరాయిదానిని వెంటనే మన ఊరిదిగా మార్చివేయడం. లక్నో ముహర్రం గురించి చదివేటప్పుడు 'అలమ్' అనగానే తెలుగువాని కళ్ళ ముందు పీరు లేస్తుంది. పీరుతో పాటు అలావా గుండం, డప్పులు, కుడుకలు, మొక్కుకొన్న హిందూ కుటుంబాలు కూడా. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని 1784లో ఆసఫుద్దౌలా ఆరంభించిన బడా ఇమాంబాడా నీడలో వికసించిన సోజ్, మర్సియాల సంప్రదాయం వేరు, మన పల్లె పీర్ల చావడి వేరు. 'ఇమాంబాడా'ను 'ఆషూర్‌ఖానా' అని మార్చినా లక్నో కాస్తా గోల్కొండ అయిపోతుంది. ఈ మాటలను యథాతథంగా ఉంచడమే మర్యాద. హరిశంకర్ కుటుంబం నివసించే 'సింఘాడేవాలీ కోఠీ' కూడా అంతే. రచయిత్రి ఆంగ్లంలో ఆ నీటి కాయ పేరును అనువదించారు గాని, తెలుగులో దానిని కదపకపోవడం మంచిది. కోఠీ అంటే ఏమిటో హైదరాబాదువారికి తెలుసు, బస్సు బోర్డు మీద 'కోటి' అని చూసి నూరు లక్షలనుకోకపోతే.

ఆంగ్ల ప్రతిని చూసి తెలుగు చేయాలనుకొనేవారికి ఒక హెచ్చరిక. ఆమె చేసినది అనువాదం కాదు, పునఃసృష్టి. కుదించారు, కలిపారు, మార్చారు. ఉర్దూలో అర్థంకాని పేరా కోసం అక్కడ వెదికితే ఒక్కొక్కసారి ఆ పేరాయే ఉండదు.

ఇంతకీ ఈ నవలలో అన్నిటికంటే కఠినమైన పదాలు సంస్కృతంలోనూ లేవు, ఫార్సీలోనూ లేవు. చివరి భాగంలో వచ్చే 'కస్టోడియన్', 'ఇవాక్యూ ప్రాపర్టీ' అనే రెండు సర్కారీ మాటలవి. ఎవరూ నిఘంటువు తెరవరు, తెలిసినట్లే ఉంటాయి. పాకిస్తాన్‌కు వలసపోయినవారి ఆస్తులను స్వాధీనం చేసుకొని నిర్వహించడానికి 1950లో చేసిన చట్టం కింద కస్టోడియన్‌కు విస్తృతమైన అధికారాలు ఉండేవి. వలసపోయినవాడు మాత్రమే కాదు, పోదలచుకొన్నవాడు అన్న వర్గం కూడా ఆ చట్టంలో ఉండేది. ఇంగ్లండులో చదువుకొని, ఈ దేశంలోనే ఉంటానని తిరిగి వచ్చిన కమాల్‌కు ఎదురైనది ఈ మాటే. కొలువు దొరకక, ఇల్లు నిలవక అతడు చివరకు కరాచీ దారి పట్టాడు. ఈ నేపథ్యం తెలియని యువ పాఠకుడు కమాల్ ప్రయాణాన్ని అతని చపలత్వంగా చదువుతాడు. అలా చదివి అతణ్ణి నిందించినవారిని విన్నాను. కింద అర్థం రాయవలసిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే, ఒక పేజీ నిండా అయినా సరే.

తెలుగులో దీనికి సర్కారు వాడుక ఉంది: 'కాందిశీకుల ఆస్తి'. హైదరాబాదు చుట్టుపక్కల భూముల వార్తలలో పత్రికలు నేటికీ ఈ మాట వాడుతాయి. 'కాందిశీకుడు' సంస్కృత పదం; ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడని దాని వ్యుత్పత్తి. అనువాదంలో నేను ఆ పదాన్నే ఉంచుతాను. కమాల్ అప్పటికింకా ఎటూ పరుగెత్తలేదు, తన ఇంటి వరండాలోనే నిలబడి ఉన్నాడు.