పరాయి లిపి, మన ఉలి

లేపాక్షి రాతిపని చూస్తూ పెరిగిన మా తనకల్లు, హిందూపురం వైపు జనానికి రాయి విషయంలో కొంచెం గర్వం ఎక్కువే. నల్లరాతి మీద చీర అంచులు తీర్చిన చేతులు ఇంకెక్కడున్నాయి అనుకుంటాం. పులికాట్ డచ్చివారి సమాధుల తోటలో ఒక పూట గడిపితే, అదే పనితనం ఎంత దూరం వెళ్లిందో, ఎవరెవరి కోసం పనిచేసిందో తెలిసొస్తుంది.

పులికాట్‌ది మనం ఎరగని చరిత్రేమీ కాదు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది; ఊరు మాత్రం సూళ్లూరుపేటకు దక్షిణాన, తమిళనాడు హద్దుల్లో సముద్రం ఒడ్డున ఉంది. తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకున్న చోటు. 1565 తర్వాత విజయనగర పాలకులు పెనుకొండకు తరలివచ్చిన సంగతి ఈ ప్రాంతంలో బడిపిల్లలకూ తెలుసు. ఆ పాలకుల్లో అరవీటి వంశపు రెండో వెంకటపతిరాయలు మొదట పెనుకొండ నుంచి, తర్వాత చంద్రగిరి నుంచి ఏలాడు. డచ్చి కంపెనీవారు 1610లో పులికాట్‌లో వర్తకానికి అనుమతి పొందింది ఆయన దగ్గరే. 1613లో గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్నానికి మార్చేదాకా కోరమాండల్ తీరంలో డచ్చివారి ముఖ్య కేంద్రం ఇదే.

కోటలో ఉన్నది కొద్దిమంది. వర్తకులు, గుమాస్తాలు, సైనికులు, వాళ్ల భార్యాపిల్లలు. మతం ప్రొటెస్టెంట్లలో కాల్విన్ మార్గం. చుట్టూ హిందువులు, ముస్లింలు. క్రైస్తవుల్లోనేమో తమతో వైరం ఉన్న పోర్చుగీసు కథోలికులు. ఈ వేడికి, జ్వరాలకు చావులు తొందరగా వచ్చేవి. చనిపోయినవారికి సొంత చోటు కావాల్సి వచ్చింది. అలా ఏర్పడిన సమాధుల తోటే ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. గోడ లోపల 70కి పైగా సమాధులు. కోట ఆనవాళ్లు దాదాపు చెరిగిపోయాయి కాబట్టి, ఆ చిన్న సమాజం గురించి పులికాట్‌లో గట్టిగా మాట్లాడేది ఈ రాళ్లే.

ద్వారం దగ్గరే ఆగాలి. రెండు వైపులా రెండు అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. ఒకదాని చేతిలో ఇసుక గడియారం, రెండోదానికి తోడు ఒక పుర్రె. కాలం అయిపోతోంది, నీ వంతూ వస్తుంది అని యూరప్ సమాధులు చెప్పే పాత హెచ్చరికే ఇది. మన గుడి వాకిట ద్వారపాలకులు నిలిచే చోట వీటిని నిలబెట్టారు. శిల్పికి నిండైన ఒళ్లు చెక్కడం అలవాటు: భుజం గుండ్రన, తొడ బలుపు, పొట్ట మీద మెత్తని మడత. ఇక్కడ ఒళ్లే లేదు. పక్కటెముకలను వరుసగా తీర్చాలి, కీళ్లు కలిసేచోట ముడి చూపాలి, కంటి గుంటల్లో నీడ నిలవాలి. వైద్యుడు చూస్తే కొలతల్లో తప్పులు పట్టుకుంటాడేమో గానీ, ఆ నిలుచున్న తీరులో ప్రాణం ఉంది.

అసలు పనితనం నేల మీద పరిచిన సమాధి పలకల్లో ఉంది. మంచి పలక ఒకటి ఎంచుకుని దాని పక్కన గొంతుక్కూర్చోండి. ముదురు బూడిదరంగు గట్టిరాయి, మనిషి నిలువున్నంత పలక. చుట్టూ అంచు, పైభాగంలో వంశ చిహ్నం, కింద వరుసలు తీరిన అక్షరాలు. "హియర్ లైట్ బెగ్రావెన్" అని మొదలవుతుంది, అంటే ఇక్కడ సమాధి అయినవారు ఫలానా అని. తర్వాత పేరు, కంపెనీలో హోదా, చనిపోయిన తేదీ. వయసును ఏళ్లు, నెలలు, రోజులతో సహా చెప్పడం వాళ్ల ఆనవాయితీ. పద్దులు రాసే కంపెనీ మనుషుల లెక్క చావు దగ్గరా తప్పలేదు.

ఇప్పుడు వేలితో తడిమి చూడండి. అక్షరాలు లోపలికి దిగి ఉండవు, పైకి లేచి ఉంటాయి. మన తెలుగు శాసనాల్లో సాధారణంగా గీత లోపలికి పోతుంది. ఉలి నడిచిన దారే అక్షరం. ఇక్కడ అక్షరాన్ని ముట్టుకోకుండా దాని చుట్టూ ఉన్న రాయినంతా దించాలి. పలకంతా ఒకే లోతుకు దిగాలి, మట్టం చెడకూడదు. గట్టిరాయి చెక్కలా కోతకు లొంగదు. మొన ఉలితో పొడిచి పొడిచి, గింజ గింజగా రాల్చుకోవాలి. అన్నిటికన్నా కష్టం 'బి', 'ఆర్', 'ఏ' లాంటి అక్షరాల కడుపులో ఉండే ఖాళీ. వేలిగోరంత చోటు, చుట్టూ నిలిచి ఉండాల్సిన సన్నని అంచులు. అక్కడ దెబ్బ కాస్త పక్కకు పోతే అంచు ఎగిరిపోతుంది. ఊడిన అక్షరాన్ని అతికించే మందు లేదు. పలక మొత్తాన్ని ఇంకో పొర దించాలి, లేదా కొత్త రాయి తెచ్చుకోవాలి.

పైగా చెక్కినవాడికి ఆ భాష రాదనే అనుకోవాలి. 'ఎన్'లో అడ్డగీత ఎటు వాలాలో, 'ఎస్' మెలిక ఎటు తిరగాలో గీసిచ్చిన నమూనాయే చెప్పాలి. చదవడం రాని చెయ్యి ప్రతి గీతనూ బొమ్మగానే చూస్తుంది. బహుశా అందుకే ఆ అక్షరాల మధ్య ఎడం అంత సమంగా కుదిరింది. పదం పట్టనిచోట రెండు అక్షరాలను ఒకే నిలువు గీతకు కలిపేయడం, చిన్న అక్షరాన్ని పెద్దదాని ఒడిలో కూర్చోబెట్టడం కూడా కనిపిస్తుంది.

ఉబ్బెత్తు అక్షరాలు మన నేలకు కొత్తేమీ కావు. గోల్కొండ కుతుబ్ షాహీ సమాధుల మీద, మసీదుల మీద అరబ్బీ, పారశీక రాతలు అలా లేచినవే. డచ్చివారు మచిలీపట్నంలో 1605లో అడుగుపెట్టింది ఆ సుల్తానుల ఏలుబడిలోనే. యూరప్‌లోనూ ఈ పద్ధతి ఉంది. అయితే ఇక్కడ ఆ పని పెట్టుకున్నవారికి, చేసిపెట్టగల చేతులు ముందే తయారుగా ఉన్నాయి.

వంశ చిహ్నం చుట్టూ చూస్తే ఆ చేతులు ఎవరివో తెలిసిపోతుంది. డాలు, దాని మీద శిరస్త్రాణం, ఆ శిరస్త్రాణం నుంచి రెండువైపులా జారే గుడ్డ పీలికలు డచ్చివారి నమూనా. ఆ గుడ్డ ఇక్కడ గుడ్డగా మిగలలేదు. మెలికలు తిరిగి, ఆకు వేసి, చివర మొగ్గ తొడిగి లతగా మారింది. అంచు పట్టీలోని పూలూ అంతే. నమూనా ఎంతవరకు కచ్చితంగా చెప్పిందో అంతవరకు శిల్పి దాన్ని పాటించాడు. అది వదిలేసిన చోటల్లా తన గుడిపని బయటికొచ్చింది.

మిగతా కట్టడాలు ఇటుక, సున్నంతో కట్టిన గుమ్మటాలు, కోసుగా లేచిన స్తంభాలు. ఆకారంలో దర్జా ఉంది గానీ పలకల్లోని నేర్పు వాటిలో లేదు. ఎక్కువసేపు ఆగనక్కర్లేదు.

ఈ రాళ్లను హాలండులోనే చెక్కించి తెచ్చారని ఒక మాట ప్రచారంలో ఉంది. సరుకు నడిచిన దారి వేరే కథ చెబుతుంది. కోరమాండల్‌లో చెక్కిన సమాధి పలకలు ఓడలెక్కి బటావియాకు, అంటే నేటి జకార్తాకు వెళ్లాయి. అక్కడి పాత శ్మశానం ఇప్పుడు మ్యూజియం. ఆ పలకలు నేటికీ చూడవచ్చు. మన నేత బట్టతో పాటు మన రాతిపనికీ సముద్రం ఆవల గిరాకీ ఉండేదన్నమాట. అవే ఓడలు 17వ శతాబ్దంలో ఈ తీరం నుంచి మనుషులను బానిసలుగా మోసుకెళ్లాయి. వాళ్లకు పేరు చెక్కిన పలక ఒక్కటీ లేదు. పనితనాన్ని మెచ్చుకుంటూ ఆ సంగతి మరిచిపోతే మెప్పు పొల్లయిపోతుంది.

1897లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని డచ్చి కట్టడాల మీద పుస్తకం వేశాడు. 2002లో మారియన్ పీటర్స్ ఈ తీరపు సమాధుల మీద డచ్చి భాషలో మరో గ్రంథం తెచ్చారు. వాటి పుణ్యాన కింద పడుకున్నవారి వివరాలు చాలావరకు దొరుకుతాయి. చెక్కినవారి పేర్లు రాళ్ల మీద లేవు.

చూడాలంటే పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితేనే ఉబ్బెత్తు అక్షరానికి నీడ పుడుతుంది; మిట్టమధ్యాహ్నం పలక చదునుగా, మూగగా కనిపిస్తుంది. అంత దూరం వీలుకాకపోతే మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నంలలోనూ డచ్చి సమాధులు ఉన్నాయి. పైనున్న పేరు చదవడం అయ్యాక అక్షరాల మధ్య దించిన నేలను చూడండి. అన్నిచోట్లా ఒకే లోతు ఉంటే, ఆ కాసెపనివాడికి పూర్తి మార్కులు వేసేయవచ్చు.