ఫిర్యాదీనే దోషిని చేస్తే

ఎక్స్‌టర్నల్ డిస్క్ లినక్స్‌లో గంటసేపు నిక్షేపంగా నడిచి, పెద్ద ఫైలు కాపీ అవుతుండగా మాయమైతే నింద పడేది డ్రైవర్ మీదే. కెర్నల్ లాగ్ చివర్లో కనబడేది దాని పేరే కదా. ఇది ఫిర్యాదు చేసినవాణ్నే పట్టుకెళ్లి బోనెక్కించడం. యూఎస్‌బీ డిస్కులతో మాట్లాడే యూఏఎస్ డ్రైవర్ ఆదేశం పంపాక కెర్నల్ సాధారణంగా 30 సెకన్లు చూస్తుంది. జవాబు రాకపోతే ఆదేశాన్ని రద్దు చేస్తుంది, అప్పటికీ కదలిక లేకపోతే పరికరాన్ని రీసెట్ చేస్తుంది. లాగ్‌లోని ‘అబార్ట్ హ్యాండ్లర్’ అన్న లైన్ చెప్పేది ఇంతే. అసలు గొడవ అంతకు ముందెప్పుడో జరిగింది. కాబట్టి లాగ్‌ను మొదటి తేడా కనబడిన చోటి నుంచి చదవాలి. డిస్క్ ఊడిపోయినట్టు ముందే నమోదైతే కరెంటు, కేబుల్, పోర్టు అనుమానితులు. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్ల వరకే హామీ ఇస్తుంది. చాలా రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్కులు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు ఒక ఆంపియర్ లాగుతాయి. రాస్ప్‌బెర్రీ పై 4లోనైతే నాలుగు పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే. ఇక డిస్క్ సంగతి. అది తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 197వ నంబరు లెక్క పెరుగుతుంటే డిస్కే చెడుతున్నట్టు. 199 పెరిగితే చాలామంది యూఎస్‌బీ కేబుల్ మారుస్తారు, కానీ అది లెక్కపెట్టేది డిస్క్ పెట్టె లోపలి సాటా లింకులో దొర్లిన తప్పుల్ని.

‘యూఏఎస్ ఆపేస్తే బాగైంది, ఇక డ్రైవర్ తప్పు కాదంటారేం?’ అని అడగొచ్చు. సగం న్యాయమైన ప్రశ్నే. యూఎస్‌బీని సాటాకు కలిపే బ్రిడ్జ్ చిప్పుల్లో యూఏఎస్‌ను సరిగా పాటించనివి ఉన్నాయి, వాటి జాబితా కెర్నల్ సోర్సులోనే ఉంది. అయితే యూఏఎస్ ఒకేసారి అనేక ఆదేశాలు పంపుతుంది, పాత యూఎస్‌బీ స్టోరేజ్ పద్ధతి ఒక్కొక్కటిగా పంపుతుంది. ఆపేయగానే డిస్క్ మీద ఒత్తిడీ తగ్గుతుంది, దాంతో కరెంటు చాలని డిస్క్ కూడా కుదుటపడినట్టే కనిపించవచ్చు. బాగైందన్నది నిజమే గాని, ఎందుకు బాగైందో దాన్నిబట్టి తేలదు.

‘కేబుల్ ఎంతని, అన్నీ ఒకేసారి మార్చేస్తే పోలా?’ అనేది రెండో మాట. పని అవసరంలో ఉన్నవాళ్లకు అదే సబబు. కానీ వారానికోసారి వచ్చే లోపం, మార్చిన మర్నాడు రాలేదంటే పోయినట్టు కాదు. కేబుల్, హబ్, పోర్టు కలిపి మార్చినవాళ్లకు ఏది పారేయాలో తెలియదు, చెడ్డ కేబుల్ మళ్లీ సొరుగులోకే చేరుతుంది. ఒక్కటే మార్చండి, లోపం వచ్చే వ్యవధికి రెండు మూడింతలు ఆగి చూడండి. అంతకంటే ముందు డేటాను వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి, రీబూట్ చేయకముందే లాగ్‌ను ఫైలులో దాచుకోండి.