ట్యూషన్ సార్‌ను ఎలా వెతకాలి

బడి అయిపోయాక, ఫీజు తీసుకుని, బడి పాఠాలనే ఒకరికో కొందరికో విడిగా చెప్పడం ట్యూషన్. హైదరాబాద్ పక్కనున్న ఇబ్రహీంపట్నంలో అది ముఖ్యంగా మూడు రకాలు. సార్ గానీ మేడం గానీ ఇంటికొచ్చి చెప్పేది హోం ట్యూషన్. చదువుకున్న ఇల్లాలు తన ఇంట్లోనే సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లలను కూర్చోబెట్టి చెప్పేది రెండోది. అద్దె గదిలో బోర్డు పెట్టి, బెంచీలు వేసి, తరగతులవారీగా బ్యాచ్‌లు నడిపే సెంటర్ మూడోది. ఫోన్‌లో చెప్పే ఆన్‌లైన్ క్లాసులు ఈ మధ్య వీటికి తోడయ్యాయి. మూడో తరగతి పిల్లకు మొదటి రెండే నయం. పదో తరగతికి వచ్చినవాళ్లకు తక్కువ మంది ఉన్న సెంటర్ కూడా పనికొస్తుంది.

కేంద్ర గణాంక శాఖ 2025లో జరిపిన విద్యా సర్వే ప్రకారం దేశంలోని బడి పిల్లల్లో 27 శాతం మంది ట్యూషన్‌కో కోచింగ్‌కో పోతున్నారు. పట్టణాల్లో ఇది 30.7 శాతం, పల్లెల్లో 25.5 శాతం. పశ్చిమ బెంగాల్, బీహార్ పల్లెల్లోనైతే పదిమందిలో ఏడుగురు డబ్బు కట్టి ట్యూషన్ చెప్పించుకుంటున్నారని, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022 నివేదిక తేల్చింది. తెలంగాణ పల్లెలు అంతదాకా పోలేదు. ఇబ్రహీంపట్నం పల్లెకూ నగరానికీ నడుమ ఉన్న ఊరు. సాగర్ రోడ్డు వెంట హైదరాబాద్ పెరుగుతూ ఇక్కడిదాకా వచ్చింది. ఆదిభట్లలో విమాన విడిభాగాల కర్మాగారాలు, ఐటీ ఆఫీసు వెలిశాయి. మరోపక్క దండుమైలారం, రాయపోల్, ఎలిమినేడు లాంటి ఊళ్లలో వ్యవసాయం మీదే బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. చదువుకోని తల్లిదండ్రులు హోంవర్క్ చూడలేరు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లలో చూసే తీరిక ఉండదు. అవసరం రెండు చోట్లా ఉంది, కారణాలే వేరు.

డబ్బిచ్చి పిల్లవాడికి విడిగా చదువు చెప్పించడం తెలుగు నేలకు కొత్త కాదు. వీధి బడుల కాలంలో అయ్యవారు ఎవరి అరుగు మీదో పిల్లలను పోగేసి చెప్పేవారు. ఇంటింటి నుంచి వచ్చే గింజలు, డబ్బులే ఆయన జీతం. దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఇళ్లకు వెళితే ఆయనకు కానుకలు, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో అలాంటి బడుల మీద వివరంగా నివేదిక రాశాడు. ముందున్న పిల్లలు వెనకబడినవాళ్లకు చెప్పే ఏర్పాటును అందులో మెచ్చుకున్నాడు. ఆ బడుల్లో బెత్తం దెబ్బలూ అర్థం తెలియని బట్టీ ఉండేవి, ఆడపిల్లలకూ దళితుల పిల్లలకూ దాదాపు చోటే లేదు, కాబట్టి వాటిని తలచుకుని మురిసిపోవలసిన పని లేదు. కానీ ఇసుకలో ఒక అక్షరం దిద్దడం వచ్చాకే పిల్లవాడు తర్వాతి అక్షరానికి పోయేవాడు. ఆ ఒక్క గుణం ట్యూషన్‌కు ప్రాణం.

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ఇదే సంగతిని లెక్కల్లో చూపించాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పినప్పుడు వాళ్లలోని సగటు విద్యార్థి, మామూలు తరగతిలో చదివిన నూటికి 98 మందిని దాటిపోయాడని ఆయన రాశాడు. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద ఫలితం రాలేదు గానీ, విడిగా చెబితే మేలన్న మాట మాత్రం నిలిచింది. తప్పు దొర్లిన చోటే పట్టుకుని దిద్దడం, అది సరయ్యేదాకా ముందుకు పోకపోవడం ఆ మేలుకు కారణాలు. నలభై మందిని ఒక గదిలో కుక్కి, మళ్లీ బోర్డు మీద లెక్కలు ఎక్కించే చోట ఈ రెండూ జరగవు. అలాంటి చోట కట్టే ఫీజు రెండో బడికి కడుతున్న ఫీజే.

అందుకే వెతకడం సార్‌తో మొదలు కాకూడదు, పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకోవడంతో మొదలు కావాలి. తల్లిదండ్రులు సాధారణంగా “మ్యాథ్స్‌లో వీక్” అంటారు. ఆ మాటతో ఎవరికీ ఏమీ తెలియదు. ఏడో తరగతి పిల్లవాడికి బీజగణితం రావట్లేదంటే, తరచి చూస్తే రుణ సంఖ్యల తీసివేతలో తడబడుతుంటాడు. ఇంకా లోపలికి పోతే నాలుగో తరగతి భాగహారమే సరిగా వచ్చి ఉండదు. అసర్ సర్వే వాళ్లు వాడే పరీక్ష ఇంట్లో ఎవరైనా చేయించవచ్చు. రెండో తరగతి వాచకంలోని చిన్న కథను ఆగకుండా చదివించాలి. అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత ఒకటి, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఒకటి ఇవ్వాలి. ఐదో తరగతి దాటిన పిల్లలు వీటి దగ్గర ఆగితే, ఆ ఇంటికి కావలసింది ఏడో తరగతి సిలబస్ పరుగెత్తించే సార్ కాదు. కింది మెట్టు నుంచి ఓపిగ్గా ఎక్కించే మనిషి కావాలి. సర్కారు బడి పిల్లలైతే క్లాస్ టీచర్ దగ్గర ఈ సమాచారం చాలావరకు ఉంటుంది. 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కింద ప్రాథమిక తరగతుల పిల్లల చదవడం, రాయడం, లెక్కల స్థాయిని పరీక్షిస్తూ వచ్చారు. “మేడం, మా పాప ఎక్కడ ఆగుతుందో కొంచెం చెప్పండి” అని అడిగితే చెప్పని టీచర్ అరుదు. అడిగే తల్లిదండ్రులు అంతకంటే అరుదు కావడమే బాధాకరం.

భాష చిక్కు ఇంకా లోతైనది. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉండేలా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. ప్రైవేటు బడుల్లో అంతకుముందు నుంచే ఇంగ్లిష్ మీడియం. సైన్స్‌లో మార్కులు రాని పిల్లలను తెలుగులో అడిగితే, కిరణజన్య సంయోగక్రియ గురించి చాలామంది చక్కగా చెబుతారు. అదే ప్రశ్నను ఇంగ్లిష్‌లో చదివి అర్థం చేసుకోలేక, జవాబును వాక్యంగా రాయలేక ఆగిపోతారు. వాళ్లకు సైన్స్ ట్యూషన్ పెట్టించి లాభం లేదు. విషయాన్ని తెలుగులో అరటిపండు ఒలిచినట్టు చెప్పి, తర్వాత ఇంగ్లిష్‌లో సొంతంగా రెండు వాక్యాలు రాయించే మనిషిని వెతకాలి. ఎదురెదురు పేజీల సర్కారు పుస్తకం దానికి మంచి సాధనం. ప్రైవేటు బడి పిల్లలకు కూడా వాడవచ్చు.

ఎవరిని అడగాలన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. ఎక్కువ మంది ముందుగా బడిలో చెప్పే సార్‌నే అడుగుతారు. 2009 విద్యా హక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. తరగతిలో చెప్పవలసింది సాయంత్రానికి దాచిపెట్టే పరిస్థితి రాకూడదంటే ఆ నియమం ఉండాల్సిందే. రిటైరైన ఉపాధ్యాయులకు ఈ అడ్డు లేదు. వాళ్ల అనుభవం ఎక్కడా కొనుక్కోలేనిది, పాత సిలబస్ అలవాటును మాత్రం ఒకసారి గమనించుకోవాలి.

ఇబ్రహీంపట్నానికి ఉన్న వసతి చాలా మండల కేంద్రాలకు లేదు. శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండే బీటెక్ విద్యార్థులు ఖర్చుల కోసం ట్యూషన్ చెప్పడానికి ముందుకొస్తారు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గణితానికీ భౌతిక శాస్త్రానికీ వాళ్లు బాగా పనికొస్తారు, పైగా పిల్లలు వాళ్లను అన్నా, అక్కా అని పిలుస్తూ జంకు లేకుండా అడుగుతారు. సెమిస్టర్ పరీక్షలొస్తే మాయమవడం, సెలవులకు ఊరికి పోవడం మాత్రం ఉంటుంది. ఆ తేదీలు ముందే అడిగి ఉంచుకోవాలి. చిన్న తరగతులకు బీటెక్ వాళ్లు అంతగా కుదరరు. భాగహారం తమకు ఎప్పుడు వచ్చిందో గుర్తులేనివాళ్లకు, అది రాని పిల్లల ఇబ్బంది పట్టుబడదు. అక్కడ డీఈడీ, బీఈడీ చేసినవాళ్లు మేలు. వాళ్లలోనూ టీచర్ ఉద్యోగం కోసం టెట్‌కూ డీఎస్సీకీ చదువుతున్నవాళ్లను వెతకడం మంచిది. ఆ పరీక్షల్లో సబ్జెక్టు ప్రశ్నలు రాష్ట్ర పాఠ్యపుస్తకాల మీదే ఎక్కువగా ఆధారపడతాయి కాబట్టి, వాళ్లకు ఆ పుస్తకాలు పేజీ పేజీ తెలిసి ఉంటాయి. సీబీఎస్ఈ పిల్లలకు ట్యూషన్ పెట్టేటప్పుడు మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చెప్పగలరా అని విడిగా అడగాలి.

పిల్లవాడి అవసరం ఒక ప్రత్యేక పరీక్ష అయితే, దానికి తగినవారినే చూడాలి. నాలుగో తరగతిలో ఉండగా గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్ష, ఎనిమిదిలో జాతీయ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటాయి. సర్కారు, ఎయిడెడ్ బడుల పేదింటి పిల్లలు ఈ రెండోది నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఇందులోని రీజనింగ్ ప్రశ్నలు బడి పుస్తకంలో ఉండవు కాబట్టి కొన్నాళ్ల సాధన చెప్పించడం న్యాయమే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో అదనపు క్లాసులు పెట్టించడం అన్యాయం. ఆ వయసులో భిన్నాలు, శాతాలు గట్టిపడితే చాలు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాలు కూడా పదహారేళ్లు నిండనివాళ్లను చేర్చుకోవద్దని, ర్యాంకుల హామీలు ఇవ్వొద్దని అంటున్నాయి. అవి యాభై మందికి పైగా చదివే సెంటర్లకు ఉద్దేశించినవి. ప్రతి విద్యార్థికీ కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలని, చెప్పేవాళ్లు కనీసం డిగ్రీ చదివి ఉండాలని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో వెనక్కివ్వాలని వాటిలో ఉంది. చిన్న ట్యూషన్ దగ్గర కూడా తల్లిదండ్రులు ఇవే అడగవచ్చు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టడం కంటే నెలనెలా కట్టడమే క్షేమం.

ట్యూషన్లను మొత్తంగా ఆపేయాలని చూసిన దేశాలు ఉన్నాయి. దక్షిణ కొరియా 1980లో నిషేధిస్తే, 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. చైనా 2021 జులైలో బడి సబ్జెక్టుల్లో లాభాపేక్షతో నడిచే ట్యూషన్లను కట్టడి చేసింది. పోటీ తగ్గని చోట ట్యూషన్ చాటుగానైనా నడుస్తుందని కొరియా అనుభవం చెబుతోంది. మంచీ చెడూ చూసుకోవడం చివరికి ఇంటివాళ్ల పనే.

మొదటి డెమో క్లాసులో పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడాలి. సార్ గంటసేపు లెక్కలు చేసి చూపించి, “అర్థమైందా?” అంటే పిల్లలు తలూపుతారు. పిల్లవాడి చేత చేయించి, తప్పు వచ్చిన చోట “ఇలా ఎందుకు చేశావు?” అని అడిగే సార్ దొరికితే వదులుకోకూడదు. హోంవర్క్ జవాబులు గైడు చూసి చెప్పి రాయించేవాళ్ల దగ్గర నోట్‌బుక్ నీట్‌గా ఉంటుంది, మార్కులు కదలవు. పదో తరగతి పరీక్షల్లో ఒక్కో సబ్జెక్టులో 80 మార్కులు రాత పరీక్షకే. అక్కడ పక్కన చెప్పేవాళ్లు ఉండరు.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. వచ్చే మనిషి గుర్తింపు కార్డు నకలు తీసుకోవాలి, అంతకుముందు చెప్పించుకున్న ఇంటివాళ్లతో మాట్లాడాలి. క్లాసు హాల్లోనో వరండాలోనో, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే జరగాలి. సెంటర్ అయితే తలుపు తెరిచి ఉండాలి, ఆడపిల్లలు తిరిగొచ్చే దారి, వేళ చూసుకోవాలి. “రెండు తగిలించండి సార్” అనే అలవాటు ఇంకా పోలేదు, పోవాలి. పిల్లలు ఎవరి అధీనంలో ఉన్నారో వాళ్లే హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. పిల్లలు ఒక్కసారిగా ట్యూషన్‌కు పోనని మొండికేస్తే తిట్టే ముందు కారణం అడగాలి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఉంది.

ట్యూషన్ పెట్టిన మూడు నెలలకు మొదటి రోజు ఇచ్చిన లెక్కలే, మొదటి రోజు చదివించినంత కథే మళ్లీ ఇచ్చి చూడాలి. తేడా కనిపిస్తే కొనసాగించాలి, లేకపోతే మొహమాటపడకుండా మార్చాలి. లోటు పూడాక ఆపేయాలి. ట్యూషన్ ఫీజు కట్టలేని ఇళ్లకు పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే దీక్ష పాఠాలు, టీ-శాట్ ఛానళ్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పదో తరగతివాళ్లకు పరీక్షల ముందు సర్కారు బడుల్లోనే ప్రత్యేక తరగతులు నడుస్తాయి. ఇబ్రహీంపట్నంలో ట్యూషన్ కోసం వెతుకుతున్న తల్లిదండ్రులు ఎవరికైనా ఫోన్ చేసే ముందు, పిల్లల నోట్‌బుక్ పట్టుకుని ఈ వారమే బడికి వెళ్లి క్లాస్ టీచర్‌ను కలవండి.