గీతకు ముందు గొయ్యి

ఇల్లు కట్టుకుందామని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ముందు ఫోన్ తీసి ఎలివేషన్ బొమ్మ చూపిస్తారు. నేను నేల సంగతి అడుగుతాను. ఎన్ని గజాలో తెలుసు, ఏ ఫేసింగో తెలుసు. కింద ఏ మట్టి ఉందో చెప్పగలిగినవాళ్లు అరుదు.

నల్లరేగడి అయితే లెక్కంతా మారిపోతుంది. వానకు ఉబ్బుతుంది, వేసవికి చెయ్యి దూరేంతగా నెర్రెలిస్తుంది. ఈ కదలిక పైపొరల్లోనే ఎక్కువ. లోతుకు పోయేకొద్దీ తేమ పెద్దగా మారదు, మట్టీ అంతగా కదలదు. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అండర్ రీమ్డ్ పైళ్ల పద్ధతిని అభివృద్ధి చేసింది. సన్నటి గుంతను కదలని పొర దాకా దింపి, అడుగున దాని వ్యాసానికి రెండున్నర రెట్లు వెడల్పుగా తొలిచి కాంక్రీటు నింపుతారు. పై మట్టి ఉబ్బినా ఆ బల్బు పునాదిని లేవనివ్వదు. ప్లాన్ అయిపోయాక ఇది గుర్తొస్తే పిల్లర్ల వరస నుంచి ఎస్టిమేటు దాకా అన్నీ తిరగరాయాల్సిందే.

అందుకే పెన్సిలు పట్టకముందే గొయ్యి తీయిస్తాను. పైన రెండడుగులు ఎవరో పోసిన మట్టి, అందులో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు. ఆ కింద నల్లమట్టి, దానిలో అక్కడక్కడా తెల్లటి సున్నపు గడ్డలు. ఇంకా కిందికి పోతే గడ్డపార చప్పుడు మారుతుంది. "మొరం తగిలింది సార్" అంటాడు మేస్త్రీ, చూడకుండానే. ల్యాబ్ రిపోర్టు ఎలాగూ కావాలి. అయినా ఆ గొయ్యి గోడలు కళ్లారా చూస్తే తప్ప నాకు గీత సాగదు.

నేల తర్వాత మనుషులు. పెద్దావిడ మెట్లెక్కగలరా, ఆవకాయ జాడీలు ఎక్కడ పెడతారు, పొద్దున్నే ఎవరు లేస్తారు? వంటింటి సంగతి వంట చేసేవాళ్లనే అడగాలి. పడమటి గోడ సాయంత్రపు ఎండకు కాగి రాత్రి దాకా వేడి కక్కుతుంది కాబట్టి, కుదిరితే మెట్లు, స్టోరు అటు నెడతాను. వాస్తు పట్టింపు ఉంటే మొదటిరోజే చెప్పాలి.

తెలంగాణలో 2020 నాటి బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా ఇళ్లకు స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి దొరికే వీలు కలిగింది. అది మంచిదే. మిగిలిన సమయాన్ని ఆలోచనకు వాడుకోవాలి. ముహూర్తం పెట్టించుకునే ముందే మట్టి పరీక్ష చేయించండి, ఇంట్లో అందరూ కూర్చుని మీకేం కావాలో కాగితం మీద రాయండి. ఆ రెండూ పట్టుకుని ఇంజనీరు దగ్గరికి వెళ్లండి. ఎలివేషన్ చివర్లో చూసుకోవచ్చు.