రేగడి మీద పచ్చిక

గుంటూరు నల్లరేగడిలో నడిచినవాళ్ళకి ఉత్తర టెక్సస్ నేల కొత్తగా అనిపించదు. వేసవిలో నెర్రెలిస్తుంది. నాలుగు చినుకులు పడితే చెప్పుకి పట్టి వదలదు. తెలుగువాళ్ళు ఎందరో ఇళ్ళు కొనుక్కున్న ఫ్రిస్కో, ప్లేనో ఊళ్ళు డాలస్ దగ్గరి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మీద ఉన్నాయి. అక్కడ పేరుమోసిన మట్టి 'హ్యూస్టన్ బ్లాక్'. నేలల శాస్త్రం దాన్నీ మన రేగడినీ ఒకే గోత్రంలో చేర్చి 'వర్టిసాల్' అంది. తిరగేయడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరది. ఎండినప్పుడు పైమట్టి నెర్రెల్లోకి రాలుతుంది, తడిసినప్పుడు అడుగుమట్టి ఉబ్బి పైకి తోస్తుంది. నేల తనను తానే దున్నుకుంటుందన్నమాట. పత్తికి అది వరం. కదలకుండా ఉండాల్సిన వాటికి మాత్రం పెద్ద పరీక్ష.

అలాంటి నేల మీద ఆర్టిఫిషియల్ టర్ఫ్ పరవడం ఫ్రిస్కోలో మా చెల్లెలి ఇంటి వెనక మూడు రోజులు కూర్చుని చూశాను. జట్టులో నలుగురూ మెక్సికో వాళ్ళే. పెద్దాయనను మిగతావాళ్ళు 'మాయెస్త్రో' అని పిలిచారు. మన 'మేస్త్రి' పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చిన మాట. రెండిటికీ మూలం ఒకే లాటిన్ పదం. అందుకే ఆయన్ని ఇక్కడ మేస్త్రి అనే అంటాను.

మొదటి రోజు పని మొదలుపెట్టే ముందు ఆయన మట్టిని గుప్పిట్లో పిసికి చూశాడు. ముద్ద కట్టింది, వేలితో నొక్కితే విరిగింది. అదీ కావలసిన పదును. మరీ పొడిగా ఉన్నప్పుడు దిమ్మిస కొడితే తరవాతి వానకు ఉబ్బుతుంది, మరీ తడిగా ఉంటే కొట్టిన కొద్దీ పక్కకి జారుతుంది. పాత గడ్డిని వేళ్ళతో సహా తీసి, అయిదు అంగుళాల లోతు తవ్వారు.

ఇక్కడే నాకు ఈ పని కీలకం అర్థమైంది. టర్ఫ్ అడుగున చిల్లులుంటాయి, దాని కింద పోసే కంకర కూడా నీళ్ళను దిగనిస్తుంది, కానీ రేగడి అంత త్వరగా తాగదు. దిగిన నీళ్ళన్నీ మట్టి మీద తొట్టిలోలా నిలుస్తాయి. కంకర పైభాగానికి ఎంత వాటం పెట్టినా లాభం లేదు, వాటం ముందు మట్టికే ఉండాలి. మేస్త్రి దారం కట్టి, రసమట్టం పెట్టి, ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు రెండు అంగుళాల చొప్పున నేలను చెక్కించాడు. పల్లపు అంచున కాలువ తీసి, గుడ్డ తొడుగున్న నాలుగంగుళాల చిల్లుల పైపును, చిల్లులు కిందికి ఉండేలా పెట్టాడు.

చెక్కిన నేల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ. నేసింది కాదు, పోగులు అదిమి చేసిన కంబళి లాంటిది. నీళ్ళను పోనిస్తుంది, మట్టిని ఆపుతుంది. ఇది లేకపోతే మనుషులు నడిచిన ప్రతిసారీ తడి రేగడి కంకర సందుల్లోకి ఎగదన్నుతుంది, కంకర కిందికి కూరుకుపోతుంది. అతుకుల దగ్గర ఒక ముక్క మీదికి రెండో ముక్క అడుగు మేర ఎక్కేలా వేశారు. పైన సున్నపురాయి కంకర, నాలుగు అంగుళాలు. ఒకేసారి పోయలేదు. రెండంగుళాలు పోసి, కాస్త తడిపి, ప్లేట్ కంపాక్టర్ తిప్పి, మళ్ళీ రెండంగుళాలు.

ఈలోగా టర్ఫ్ చుట్టను ఎండలో విప్పి ఉంచారు. మడతలు వాటంతటవే సర్దుకుంటాయి. ఈ సరుకు చరిత్ర కూడా టెక్సస్‌తో ముడిపడిందే. హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో కప్పు కింద అసలు గడ్డి చచ్చిపోతే 1966లో మోన్‌శాంటో వాళ్ళ కృత్రిమ గడ్డి పరిచారు. దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది ఆ స్టేడియం వల్లే. ఇప్పటి టర్ఫ్ తయారీ మాత్రం తివాచీల పద్ధతి. వరసగా ఉన్న సూదులు అడుగు గుడ్డలోకి పాలిథీన్ పోగుల్ని కుట్టుకుంటూ పోతాయి, ఆ ఉచ్చుల్ని కత్తిరిస్తే పోచలవుతాయి. తిరగేసి చూస్తే సమదూరంలో నడిచిన కుట్టు వరసలు కనిపిస్తాయి.

అతుకు పనంతా ఆ వరసల మీదే ఆధారపడింది. రెండు ముక్కల్లోనూ పోచలు ఒకేవైపు వాలాలి. మఖమల్ గుడ్డను ఒకవైపు నిమిరితే మెరుపు, మరోవైపు నిమిరితే నీడ వచ్చినట్టే, వాలు మారితే రంగు మారిందనిపిస్తుంది. మేస్త్రి రెండు అంచుల్లోనూ మూడేసి వరసలు కోసేశాడు, కత్తి రెండు కుట్ల నడుమ తప్ప ఎక్కడా నడవలేదు. రెంటినీ చేర్చి, మధ్య సందు వరసకీ వరసకీ మధ్య ఎడమెంతో అంతే ఉందని చూశాడు. ఎక్కువైతే పాపిట కనిపిస్తుంది, తక్కువైతే గట్టు లేస్తుంది. అంచులు మడిచి, కింద అడుగు వెడల్పు టేపు పరిచి, జిగురు పూసి, మోకాళ్ళ మీద జరుగుతూ మూశాడు. మూసే ముందు ఎడమచేతి వేళ్ళతో పోచల్ని పాయ తీసిన తీరు, పసిపిల్లకు జడ వేసే తల్లిని చూసినట్టే ఉంది. ఒక్క పోచా జిగురులో పడలేదు.

మేకులు ఆరంగుళాలవి. పోచల్ని పక్కకి తప్పించి దించారు. చివర చదరపు అడుగుకు ఒకటిన్నర పౌండ్ల సన్న ఇసుక చల్లి, వాలుకు ఎదురుగా బ్రష్ యంత్రం తోలితే పోచలు లేచి నిలబడ్డాయి.

ఇంకొక్కటి చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టు. గడ్డి పోయాక స్ప్రింక్లర్లు ఆగిపోతాయి. గోడ పక్క రేగడి ఎండి కుంచించుకుపోతే ఇంటి పునాదికే ముప్పు. ఎవరూ అడగకుండానే ఆయన ఒక స్ప్రింక్లర్ గొట్టాన్ని మార్చి పునాది వెంట డ్రిప్ లైన్ వేశాడు.

ఏడాదిన్నరకు ఒకచోట జానెడు మేర పల్లం పడింది. పాత గొట్టం కోసం ఎప్పుడో తవ్వి పూడ్చిన గాడి తడికి కుంగిందట. మేస్త్రి మళ్ళీ వచ్చాడు. ఇసుక పీల్చేసి, అంచు మేకులు ఊడదీసి, టర్ఫ్‌ను దుప్పటిలా వెనక్కి మడిచాడు. వదులు మట్టిని తవ్వి కొట్టి, గుడ్డ ముక్క వేసి, సన్న కంకర నింపి బిగించాడు. అంచు పట్టి లాగి తిరిగి పరిచాక ఆ చోటు ఎక్కడో నాకు దొరకలేదు. పక్కింటి కిటికీ అద్దం తిప్పికొట్టిన ఎండకు కరిగిన అరచేయంత మరకను కుట్టు వరసల వెంట కోసి, గ్యారేజీలో దాచి ఉంచిన మిగులు ముక్కతో పూడ్చాడు.

టెక్సస్ జులైలో మధ్యాహ్నం ఈ పచ్చిక మీద ఉత్తికాళ్ళతో నడవలేం, అది నిజం. అయినా వేయించుకునేవాళ్ళకి రెండు మాటలు. మిగిలిన ముక్కను పారేయనివ్వకండి. టర్ఫ్ పరవకముందే కంకర మీద పైపుతో నీళ్ళు పోయించి, అవి ఎటు పోతున్నాయో మీ కళ్ళతో చూడండి.