సర్కారు కాగితాలతోనే సర్కారును నిలదీసిన నాగిరెడ్డి

1952 ఎన్నికల్లో అనంతపురం నియోజకవర్గంలో కాంగ్రెస్ తరఫున నీలం సంజీవరెడ్డి, కమ్యూనిస్టు పార్టీ తరఫున తరిమెల నాగిరెడ్డి తలపడ్డారు. ఇద్దరూ బావా బావమరుదులు. నాగిరెడ్డి తోబుట్టువు నాగరత్నమ్మ సంజీవరెడ్డి భార్య. గెలిచింది బావమరిది. ఓడిన బావ ముఖ్యమంత్రయ్యారు, 1977లో రాష్ట్రపతి కూడా అయ్యారు. నాగిరెడ్డి గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఈ చుట్టరికం దగ్గరే ఆగిపోతారు. నాకు అంతకన్నా ఆసక్తి ఆయన పనితనం మీద.

1917లో అనంతపురం జిల్లా తరిమెలలో పెద్ద భూస్వామి ఇంట పుట్టారు. కాశీలో చదివారు. యుద్ధం గురించి రాసిన పుస్తకానికి 1940లోనే జైలుకెళ్లారు. మద్రాసు శాసనసభ తర్వాత 1957లో లోక్‌సభ, 1962లో పుట్లూరు నుంచి, 1967లో మళ్లీ అనంతపురం నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ. ఇన్ని సభలు చూసిన మనిషి 1969 మార్చిలో, ఇక్కడ ప్రజల సమస్యలు తీరవని సభలోనే చెప్పి రాజీనామా చేశారు.

సభ వదిలినా సభలో అబ్బిన విద్యను వదల్లేదు. సాయుధ విప్లవానికి కుట్ర పన్నారన్న ఆరోపణతో పెట్టిన హైదరాబాద్ కుట్ర కేసులో ముద్దాయిగా ఆయన కోర్టుకిచ్చిన వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం'. మామూలుగా ముద్దాయి నేరం చేయలేదంటాడు, లేదా తప్పు ఒప్పుకొని కనికరం కోరతాడు. ఈయన వందల పేజీల్లో ప్రభుత్వం మీదే అభియోగపత్రం రాశారు. అందులో ముడిసరుకు ఎక్కువగా అవతలివాళ్లదే: సర్కారు నివేదికలు, కమిటీల లెక్కలు, పత్రికల వార్తలు. భూసంస్కరణలు ఎందుకు గట్టెక్కలేదో, విదేశీ పెట్టుబడి ఎలా లోపలికొచ్చిందో ఆ కాగితాల చేతనే చెప్పిస్తారు. మీ మాట మీకే అప్పజెబుతున్నాను, కాదనండి చూద్దాం అన్న ధోరణి. అమెరికాను తిట్టి సోవియట్‌ను వెనకేసుకురావడం ఆనాటి వామపక్షాల్లో మామూలే. ఈయన ఇద్దరి సాయాన్నీ ఒకే తక్కెడలో తూచారు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా మాది. గింజ ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదేనని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. అమెరికా సాయంగా పంపిన పీఎల్ 480 గోధుమల మీద ఆయనకున్న అనుమానానికి వేరు ఈ నేలలోనే ఉందని నాకనిపిస్తుంది.

లోపం లేదా అంటే, ఉంది. ఉల్లేఖనాల బరువుకు కొన్ని పేజీలు కుంగిపోతాయి. సర్కారు లెక్కల్ని గీటురాయి మీద అంత గట్టిగా గీసిన చేయి, తాను నమ్మిన విప్లవ మార్గం దగ్గరికొచ్చేసరికి మెత్తబడుతుంది. ఆ దారితో నాకు ఏకీభావం లేదు. అయినా, కాగితం చదివి ప్రత్యర్థిని నిలబెట్టడంలో మన జిల్లా ప్రతినిధుల్లో ఆయనకు సాటి నాకు కనబడలేదు.

ఎమర్జెన్సీలో అజ్ఞాతంలోనే, 1976 జూలై 28న చనిపోయారు. మా ఎమ్మెల్యేలకు ఒక్క మనవి: ఏ పార్టీవారైనా సరే, వచ్చే బడ్జెట్ సమావేశాలకు బయల్దేరే ముందు ఆ పుస్తకంలో ఒక్క అధ్యాయమైనా చదవండి.